షాడీ: ఒక ఉన్ని పేరు తిట్టుగా మారిన వైనం

కట్టిన ఏడాదికే వంతెన పగుళ్లిచ్చినా, వేసిన మూడు నెలలకే రోడ్డు పెచ్చులూడినా మన ఇంగ్లీషు పత్రికలు తరచూ వాడే మాట షాడీ. అదే వార్త తెలుగులో ‘నాసిరకం పనులు’ అయి వస్తుంది. అర్థం దాదాపు సరిపోతుంది. కొందరు దీన్ని షేడీతో కలిపేస్తారు గానీ ఆ రెండూ వేరు. షేడీ అంటే అనుమానించాల్సిన వ్యవహారం, చాటుమాటుగా జరిగేది. షాడీ అంటే సరుకులోనో పనితనంలోనో లోపం.

ఈ షాడీ మొదట్లో తిట్టు కాదు. విశేషణం కూడా కాదు. అదొక వస్తువు పేరు. ఇంగ్లండ్‌లోని రెండు మూడు చిన్న పట్టణాల మిల్లుల్లో తయారైన ఒక రకం ఉన్నిని అలా పిలిచేవారు. తయారుచేసినవాళ్లు ఆ పేరుతోనే దాన్ని అమ్మారు, ఆ పేరుతోనే లెక్కలు రాసుకున్నారు. వేల కుటుంబాలు దాని మీద బతికాయి. అట్లాంటిక్‌కు అవతల, ఒక యుద్ధ సమయంలో, వేరేవాళ్లు చేసిన మోసం వల్ల ఆ పేరు చెడింది. నిఘంటువులు ఈ సంగతిని ఒకటి రెండు పంక్తుల్లో చెప్పి వదిలేస్తాయి. తమ తప్పు లేకుండానే పేరు పోగొట్టుకున్న ఆ మిల్లుల మనుషుల కథకు ఆ రెండు పంక్తులు చాలవు.

లీడ్స్ నగరానికి దక్షిణంగా, కొద్ది మైళ్ల దూరంలో బాట్లీ, డ్యూస్‌బరీ అనే పట్టణాలు పక్కపక్కనే ఉంటాయి. ఆ యార్క్‌షైర్ ప్రాంతంలో ఉన్ని నేత శతాబ్దాల నాటిది. కానీ ఒక్కో ఊరిది ఒక్కో తీరు. బ్రాడ్‌ఫర్డ్ సన్నటి వర్‌స్టెడ్ బట్టకు పేరుపడింది. హడర్స్‌ఫీల్డ్ మేలురకం సూటు గుడ్డకు పేరుపడింది. బాట్లీ, డ్యూస్‌బరీలవి దుప్పట్లు, ఓవర్‌కోట్ల గుడ్డ, సైనికుల యూనిఫాం గుడ్డ. అంతా దళసరి సరుకు. అందుకే ఆ ప్రాంతానికి ‘హెవీ ఊలెన్ డిస్ట్రిక్ట్’ అనే పేరు స్థిరపడింది. దళసరి గుడ్డకు ఉన్ని ఎక్కువ పడుతుంది, కొనేవాళ్లేమో ఎక్కువ ధర పెట్టలేనివాళ్లు. ఉన్ని ధర పెరిగితే మొదట ఊపిరాడనిది ఇలాంటి మిల్లులకే.

19వ శతాబ్దం మొదట్లో సరిగ్గా ఆ పరిస్థితే వచ్చింది. నెపోలియన్‌తో యుద్ధం ఏళ్ల తరబడి సాగింది. సైన్యానికి బట్టలు, దుప్పట్లు కావాలి. స్పెయిన్ లాంటి చోట్ల నుంచి రావలసిన ఉన్నికేమో అడ్డంకులు. ఆ రోజుల్లో, 1813లో, బాట్లీకి చెందిన బెంజమిన్ లా అనే వస్త్ర ఉత్పత్తిదారు పాత ఉన్ని గుడ్డలను చీల్చి పీచు చేసి, దానికి కొంత కొత్త ఉన్ని కలిపి, మళ్లీ దారం వడికి గుడ్డ నేశాడు. లండన్‌లో గుర్రపు జీనులు కుట్టేవాళ్లు పాత గుడ్డల పీచును జీనుల్లో కూరడం చూశాక ఆయనకు ఈ ఆలోచన తట్టిందని అక్కడ చెప్పుకుంటారు. అంటే పాత గుడ్డను పీచు చేయడం అప్పటికే కొందరికి తెలిసిన పనే. ఆ పీచును మళ్లీ దారంగా వడకవచ్చని చేసి చూపడమే లా గొప్పతనం.

చెప్పడానికి తేలికే గానీ ఆ పని అంత తేలిక కాదు. ముందు గుడ్డలు ఏరాలి. స్త్రీలు బల్లల ముందు నిలబడి ప్రతి పీలికనూ చేత్తో తడిమి, రకాన్ని బట్టి, రంగును బట్టి వేరుచేసేవారు. అల్లిన మేజోళ్లు ఒక చోట, ఫ్లానెల్ ఒక చోట, గట్టిగా నేసిన కోటు గుడ్డ మరో చోట. నీలంలోనే ఎన్నో నీలాలు. రంగుల వారీగా సరిగ్గా ఏరితే తరువాత అద్దకం పని తగ్గుతుంది, ఒక్కోసారి అసలే అక్కర్లేదు. ఏరాక గుండీలు, హుక్కులు, కుట్లు కత్తిరించి తీసేయాలి. కుట్టుదారం నూలుది కాబట్టి అది ఉన్నిలో కలిస్తే గుడ్డ చెడుతుంది. తర్వాత పీలికల మీద నూనె చిలకరించి యంత్రంలోకి పంపేవారు. ఆ యంత్రంలో ఉక్కు పళ్లు దట్టంగా బిగించిన పీపా విపరీతమైన వేగంతో తిరుగుతూ గుడ్డను దారాలుగా, దారాలను పోగులుగా చీల్చేస్తుంది. కార్మికులు దాన్ని ‘డెవిల్’ అనేవారు. దయ్యం అనే పేరు దానికి అతికినట్టే ఉంది. చేయి చిక్కితే ఇక అంతే. అది లేపే దుమ్ము ఊపిరితిత్తుల్లోకి పోయి దగ్గు, జ్వరం వచ్చేవి. ఆ జబ్బుకు ‘షాడీ ఫీవర్’ అనే పేరే ఏర్పడింది.

ఇలా వచ్చిన పీచే షాడీ. మేజోళ్లు, ఫ్లానెల్, దుప్పట్లలాంటి వదులు అల్లికల నుంచి తీసింది కాబట్టి దాని పోగులు కాస్త పొడుగ్గా ఉంటాయి. గట్టిగా నేసి, బిగించిన గుడ్డల నుంచి, దర్జీలు కత్తిరించిన ముక్కల నుంచి పీచు తీయడం ఇంకా కష్టం. అది 1830లలో సాధ్యమైంది. ఆ పీచు పోగులు మరీ పొట్టివి. దాని పేరు మంగో. పండుకూ దీనికీ సంబంధం లేదు. ఆ పీచును యంత్రంలో వేసి చూడమంటే పనివాడు ఇది పోదని మొండికేశాడట. యజమాని యార్క్‌షైర్ యాసలో ‘మన్ గో’, అంటే పోయి తీరాలి అన్నాడట. అదే పేరుగా నిలిచిందని చెప్పుకుంటారు. నిజమో కాదో గానీ, ఆ ఊరి మాటతీరు ఆ కథలో కనబడుతుంది. మూడో రకం ఉన్నీ నూలూ కలిసిన గుడ్డల నుంచి వచ్చేది. వాటిని ఆమ్లంలో నానబెట్టి వేడిచేస్తే నూలు మాడి పొడైపోతుంది, ఉన్ని మిగులుతుంది. దాన్ని ‘ఎక్స్‌ట్రాక్ట్’ అన్నారు.

ఇక షాడీ అనే మాట ఎక్కడి నుంచి వచ్చిందనేది తేలని విషయం. 1830ల నాటికే అది అచ్చులో కనబడుతుంది. రాలిపోవడం, విడిపోవడం అనే అర్థాలున్న ‘షెడ్’ అనే క్రియతో దానికి చుట్టరికం ఉందని ఎక్కువమంది పండితులు అనుకుంటారు. వడికేటప్పుడు, నేసేటప్పుడు రాలే ఉన్ని తుక్కును యార్క్‌షైర్ కార్మికులు మొదట అలా పిలిచి ఉండాలి. ఆ తుక్కు పేరే పాత గుడ్డల పీచుకు, ఆ పీచుతో నేసిన గుడ్డకు కూడా వచ్చింది. ఇంత దాకా ఆ మాటలో నింద లేదు. నూక, చిట్టు, తవుడు అనేవి మిల్లులో రకాల పేర్లే గాని తిట్లు కానట్టే ఇదీనూ.

ఇప్పుడు అసలు ప్రశ్న. షాడీ గుడ్డ నిజంగా నాసిరకమేనా? దీనికి అవుననో కాదనో ఒక్క మాటలో జవాబు చెప్పడం తప్పు. ఉన్ని దారానికి బలం పోగుల పొడుగు నుంచి వస్తుంది. పొడుగు పోగులు ఒకదాన్నొకటి ఎక్కువ మేర పెనవేసుకుని పట్టు ఇస్తాయి. యంత్రంలో చీలిన పోగులు తెగి పొట్టివవుతాయి, పట్టు తగ్గుతుంది. అందుకే దానికి కొత్త ఉన్ని తోడు కావాలి. ఎంత కలిపారన్నదే నాణ్యతను తేలుస్తుంది. తగినంత కొత్త ఉన్ని కలిపి నేసిన షాడీ గుడ్డ వెచ్చగా, దళసరిగా ఉండి, చాలా చలికాలాలు కాచేది. ఓవర్‌కోటు, దుప్పటి, కంబళి లాంటివాటికి అది చక్కగా సరిపోయేది. కొత్త ఉన్నితో నేసిన కోటు కొనలేని కూలివాడికి మొదటిసారిగా ఉన్ని కోటు అందింది ఈ గుడ్డ వల్లే. పేదవాడి ఒంటికి వెచ్చదనం ఇచ్చిన సరుకును చిన్నచూపు చూడటం న్యాయం కాదు.

అయితే అందులోనే మోసానికి వీలూ ఉంది. ఉన్ని గుడ్డను నేశాక వేడినీళ్లు, సబ్బుతో బాగా మర్దిస్తే పోగులు ఒకదానిలో ఒకటి చిక్కుకుని గుడ్డ ముడుచుకుని గట్టిపడుతుంది. పైన నూగు లేపి, సమంగా కత్తిరించి, వేడిగా అదిమితే మెరుపు వస్తుంది. ఈ పనులన్నీ మంచి గుడ్డకూ చేస్తారు. కానీ కొత్త ఉన్ని నామమాత్రంగా కలిపి, దారంలో సత్తువ లేకుండా నేసి, ఈ మెరుగులు మాత్రం పూర్తిగా దిద్దితే కొట్లో బల్ల మీద అది మేలురకం బ్రాడ్‌క్లాత్‌లాగే ఉంటుంది. చేత్తో తడిమినా తెలియదు. వేసుకుని తిరిగాకే, తడిశాకే దాని అసలు రూపు బయటపడుతుంది. చూపులకు బాగుండి లోపల పస లేకపోవడమనే ఈ గుణమే తర్వాత షాడీ అనే విశేషణానికి ప్రాణమైంది. కేవలం చౌకదైతే దాన్ని షాడీ అనాల్సిన పనిలేదు. మంచిదిగా కనిపించాలని చూసి, మంచిది కానిదే షాడీ.

ఆ అనుమానం ఇంగ్లండ్‌లోనే ముందు మొదలైంది. 1842 మార్చిలో బస్‌ఫీల్డ్ ఫెరాండ్ అనే టోరీ సభ్యుడు బ్రిటిష్ పార్లమెంటులో ఇలాంటి గుడ్డ ముక్క పట్టుకుని, అందరి ముందూ చేతులతో చీల్చి చూపాడు. డెవిల్ యంత్రం నుంచి వచ్చే పీచును ఎద్దేవా చేస్తూ ‘డెవిల్స్ డస్ట్’ అనే మాట అప్పుడు బాగా వ్యాప్తిలోకి వచ్చింది. ఫెరాండ్ కోపానికి రాజకీయం కూడా తోడైంది. ధాన్యం దిగుమతి పన్నులు ఎత్తేయాలని మిల్లు యజమానులు ఉద్యమం నడుపుతున్నారు, ఆయన ఆ యజమానులకు బద్ధవిరోధి. అయినా కార్మికులకు అమ్ముతున్న గుడ్డ కొన్ని వారాలకే చిరిగిపోతోందన్న ఫిర్యాదులో నిజం ఉంది. ఆ కాలంలో కార్మికవాడల బతుకును చూసి రాసిన ఎంగెల్స్ కూడా ఇదే సంగతి చెప్పాడు. గమనించాల్సింది ఏమంటే, అప్పటికీ షాడీ అనే మాట మాత్రం ఇంకా వ్యాపార పదంగానే ఉంది. నింద ‘డెవిల్స్ డస్ట్’ మోసింది.

బాట్లీ ఎదుగుదల ఆగలేదు. రైలు వచ్చాక యూరప్ నలుమూలల నుంచి పాత గుడ్డల మూటలు వచ్చిపడేవి. జర్మనీ, డెన్మార్క్, రష్యా దేశాల్లో తొడిగి వదిలేసిన కోట్లు యార్క్‌షైర్‌లో మళ్లీ గుడ్డయ్యేవి. బాట్లీ స్టేషన్ రోడ్డులో గుడ్డల వ్యాపారులు కట్టిన గోదాములు ఇప్పటికీ నిలబడి ఉన్నాయి. వాటి రాతి నగిషీ చూస్తే ఈ పాతగుడ్డల వ్యాపారంలో ఎంత డబ్బు తిరిగిందో అర్థమవుతుంది. యంత్రం కింద పేరుకున్న దుమ్ము కూడా వృథా కాలేదు. ఉన్నిలో నత్రజని ఉంటుంది, అది మట్టిలో మెల్లగా విడుదలవుతుంది. ఆ తుక్కును కెంట్‌లో హాప్స్ తోటలకు, యార్క్‌షైర్‌లో రూబార్బ్ పొలాలకు ఎరువుగా వేశారు. పారేసిన గుడ్డ మళ్లీ గుడ్డయి, గుడ్డకు పనికిరానిది పంటకు బలమైంది. ఇంత పొదుపైన పరిశ్రమలు ఆ కాలంలో ఎక్కువ లేవు.

ఇక్కడి నుంచి కథ అమెరికాకు మారుతుంది.

1861 ఏప్రిల్ 12న ఫోర్ట్ సమ్టర్ మీద దాడితో అంతర్యుద్ధం మొదలైంది. అప్పటికి అమెరికా సైన్యంలో ఉన్నది దాదాపు 16,000 మంది. మూడు రోజులకే అధ్యక్షుడు లింకన్ 75,000 మంది వాలంటీర్లను పిలిచాడు. వాళ్లందరికీ యూనిఫాంలు, దుప్పట్లు, బూట్లు వెంటనే కావాలి. కేంద్రం దగ్గర లేవు. రాష్ట్రాలు ఎవరికి వారే కాంట్రాక్టులు ఇచ్చేశాయి. టెండర్ల పరిశీలనకు సమయం లేదు, సరుకు తనిఖీకి మనుషులు లేరు, సైనిక గుడ్డ దేశంలో చాలినంత లేదు. కాంట్రాక్టర్లకు ఇంతకంటే అనుకూలమైన పరిస్థితి ఉండదు.

న్యూయార్క్ రాష్ట్రం తన వాలంటీర్ల కోసం 12,000 యూనిఫాంల పని బ్రూక్స్ బ్రదర్స్ అనే పేరున్న బట్టల సంస్థకు ఇచ్చింది. వచ్చిన బట్టల్లో చాలా భాగం షాడీ గుడ్డతో కుట్టినవి. కొన్నిటికి గుండీలు లేవు, గుండీకాజాలు లేవు. వానకు తడిసి, కవాతుకు నలిగి అతుకులు ఊడిపోయాయి. చిరుగుల బట్టల్లో ఉన్న న్యూయార్క్ సైనికులను చూసి వేరే రాష్ట్రాల దళాలు నవ్వాయి. గొడవ పెద్దదై విచారణ జరిగాక ఆ సంస్థ 2,350 యూనిఫాంలు మళ్లీ కుట్టి ఇవ్వాల్సి వచ్చింది. అది ఒక్కటే కాదు. దేశమంతటా ఇవే ఫిర్యాదులు. తొలి వానకే దుప్పటి పీచుపీచుగా విడిపోయిందని, కోటు దుమ్ముగా రాలిందని పత్రికలు రాశాయి. అట్ట అడుగున పెట్టి కుట్టిన బూట్లు వచ్చాయి. ప్రభుత్వమే పనికిరావని 3.50 డాలర్ల చొప్పున వదిలించుకున్న 5,000 హాల్ కార్బైన్ తుపాకులను దళారులు చేతులు మార్చి అదే ప్రభుత్వ సైన్యానికి 22 డాలర్ల చొప్పున అమ్మారు.

1861 జులైలో చార్లెస్ వాన్ వైక్ అధ్యక్షతన ప్రతినిధుల సభ ఒక విచారణ కమిటీ వేసింది. అది తవ్వి తీసిన అవినీతి చిన్నది కాదు. యుద్ధ మంత్రి సైమన్ కామెరాన్ 1862 జనవరిలో పదవి వదలాల్సి వచ్చింది. 1863 మార్చి 2న ‘ఫాల్స్ క్లెయిమ్స్ యాక్ట్’ వచ్చింది. ప్రభుత్వానికి తప్పుడు బిల్లు పెట్టినవాడు నష్టానికి రెట్టింపు కట్టాలి, పైగా 2,000 డాలర్ల జరిమానా. మోసాన్ని బయటపెట్టి కేసు వేసిన సామాన్యుడికి వసూలైనదాంట్లో సగం దక్కేది. ఆ చట్టం 1986లో బలపడి నేటికీ అమల్లో ఉంది. మందుల కంపెనీలు, ఆస్పత్రులు, రక్షణ కాంట్రాక్టర్ల మీద అమెరికాలో వేసే పెద్ద కేసుల్లో చాలా వరకు దాని కిందే నడుస్తాయి. ఇప్పుడు నష్టానికి మూడు రెట్లు కట్టాలి, ఫిర్యాదుదారుకు 15 నుంచి 30 శాతం దాకా వస్తుంది. ఆ సైనికులు వానలో తడిసినందుకు చివరకు దక్కిన మేలు ఈ చట్టమే.

ఆ వానలోనే షాడీ అనే మాట కూడా మారిపోయింది. 1862 నాటికి అమెరికన్ ఇంగ్లీషులో అది విశేషణమైంది. గుడ్డ గురించి మాత్రమే అనడం పోయి, మేలైనదిగా నటించే దేన్నైనా అలా అనడం మొదలైంది. వెంటనే మనుషులకూ తగిలించారు. యుద్ధ కాంట్రాక్టులతో రాత్రికి రాత్రి డబ్బు చేసుకుని, ఫిఫ్త్ ఎవెన్యూలో భవనాలు కట్టి, సెంట్రల్ పార్కులో గుర్రపు బళ్లలో ఊరేగే కొత్త ధనవంతులను పత్రికలు ‘షాడీ దొరలు’ అన్నాయి. ‘షాడోక్రసీ’ అనే మాటనూ పుట్టించారు. ఒకవైపు గాయాలతో తిరిగొచ్చిన సైనికులు, మరోవైపు వాళ్ల చిరుగుల యూనిఫాంలతో వచ్చిన డబ్బుకు మెరిసే పట్టుబట్టలు. జనానికి మండిపోవడం సహజమే. ఆ కోపం వెళ్లబోసుకోవడానికి ఒక పదం కావాలి. సైనికుల నోళ్లలో అప్పటికే నానుతున్న గుడ్డ పేరు దొరికింది.

ఆ మాట ఇంత సులువుగా పాకడానికి ఇంగ్లీషు వ్యాకరణం కూడా సాయపడింది. ఆ భాషలో ‘ఈ’ శబ్దంతో ముగిసే చిన్న మాటలు ఎన్నో విశేషణాలు: డర్టీ, మడ్డీ, స్లాపీ, షాబీ. షాడీ నామవాచకమైనా వినడానికి ఈ గుంపులోదిలాగే ఉంటుంది. షాబీకి మరీ దగ్గర. ‘షాడీ కోటు’ అని ఎవరైనా అంటే అది షాడీ ఉన్నితో చేసిన కోటా, నాసిరకం కోటా అనేది చెవికి తేడా తెలియదు. ఇదే మంగోకు జరగలేదు. నిజానికి పొట్టి పోగుల మంగో షాడీకన్నా తక్కువ రకం. కానీ ఆ పేరు విశేషణంలా వినిపించదు కాబట్టి చెడ్డపేరు దానికి అంటలేదు. అసలు షాడీ అని సైనికులు తిట్టుకున్న గుడ్డలో ఎంత షాడీ ఉందో, ఎంత మంగో ఉందో, ఎంత ఊడ్చిన తుక్కు ఉందో ఎవరూ తేల్చలేదు. ఇంకో విషయం. బాట్లీ, డ్యూస్‌బరీ మిల్లులు యూరప్ సైన్యాలకు యూనిఫాం గుడ్డ సరఫరా చేసి పేరు తెచ్చుకున్నవి. వాటి దగ్గర గుడ్డను కొలత ప్రకారం, రకం చెప్పి కొనేవారు. షాడీని షాడీ అని చెప్పి అమ్మడం వ్యాపారం. కొత్త ఉన్ని అని చెప్పి, కొత్త ఉన్ని ధర తీసుకుని, వానకు నిలవనిది సైనికుడి ఒంటి మీద వేయడం నేరం. చరిత్రలో ఆ నేరం చేసినవాళ్ల పేర్లు మరుగున పడి, గుడ్డ పేరు మాత్రం దోషిగా మిగిలింది.

ఇంగ్లీషులో ఇలా బలైన పేర్లు ఇంకా ఉన్నాయి. చవకబారు ఆర్భాటానికి వాడే టాడ్రీ అనే మాట సెయింట్ ఆడ్రీ నుంచి వచ్చింది. 679లో మరణించిన ఆ సన్యాసిని పేర ఈలీ పట్టణంలో జాతర జరిగేది, అక్కడ ‘సెయింట్ ఆడ్రీస్ లేస్’ అనే మెడపట్టీలు అమ్మేవారు. పేరు నోళ్లలో అరిగి టాడ్రీ లేస్ అయింది, సరుకు నాణ్యత పడిపోయాక టాడ్రీ అంటేనే చవకబారు అయింది. బర్మింగ్‌హామ్ నగరం పేరుకు స్థానిక ఉచ్చారణ అయిన బ్రమ్మజెమ్, 17వ శతాబ్దంలో అక్కడ తయారైన దొంగనాణేల మూలంగా నకిలీ అనే అర్థం తెచ్చుకుంది. ఆ ఊళ్లో లోహపు పనిలో ఎంత నైపుణ్యం ఉన్నా ఆ మచ్చ చాలాకాలం పోలేదు.

షాడీకి తగిలిన మచ్చ వల్ల వ్యాపారులు ఆ పేరు దాచడం మొదలుపెట్టారు. ఫలితంగా కొనేవాడికి నష్టం ఇంకా పెరిగింది. లోపల ఏముందో చెప్పని గుడ్డ బజారులో నిండింది. అమెరికాలో గొర్రెల పెంపకందార్లు దశాబ్దాలపాటు పోరాడాక 1939 నాటి ఉన్ని వస్తువుల లేబుల్ చట్టం వచ్చింది. కొత్త ఉన్ని ఎంత, వాడని గుడ్డ ముక్కల నుంచి తీసింది ఎంత, వాడేసిన బట్టల నుంచి తీసింది ఎంత అని లేబుల్ మీద విడివిడిగా రాయడం తప్పనిసరైంది. చట్టం ఆ చివరి రకాన్ని షాడీ అనలేదు, ‘రీయూజ్డ్ ఉల్’ అంది. 1980లో సవరించి ఆ రెండు పాత రకాలనూ కలిపి ‘రీసైకిల్డ్ ఉల్’ అన్నారు. అప్పట్లో అది అమ్మకం దెబ్బతీసే లేబుల్. నలభై ఏళ్లు తిరిగేసరికి అదే లేబుల్‌ను ఖరీదైన ఫ్యాషన్ బ్రాండ్లు కోటు ముందు భాగంలో కనబడేట్టు తగిలిస్తున్నాయి. ఇటలీలోని ప్రాటో పట్టణం 19వ శతాబ్దం నుంచీ పాత ఉన్ని గుడ్డలను చీల్చి మళ్లీ నేస్తోంది. ఈ రోజు ఆ పనే దాని ప్రతిష్ఠ. అక్కడి పీచుకూ బాట్లీ పీచుకూ పద్ధతిలో మౌలికమైన తేడా లేదు.

మన దేశంలో ఈ పనికి కేంద్రం హరియాణాలోని పానిపట్, ఢిల్లీకి ఉత్తరంగా సుమారు 90 కిలోమీటర్లు. దేశ విభజన తర్వాత ఝంగ్, ముల్తాన్ ప్రాంతాల నుంచి వచ్చిన నేతకార్మికులు అక్కడ స్థిరపడి మగ్గాలు నిలబెట్టారు. తర్వాత్తర్వాత ఆ పట్టణం పాత ఉన్ని బట్టలను దారంగా మార్చడంలో ప్రపంచంలోనే పెద్ద కేంద్రాల్లో ఒకటైంది. యూరప్, అమెరికా, కొరియాల్లో జనం వదిలేసిన స్వెటర్లు, కోట్లు గుజరాత్‌లోని కాండ్లా రేవు గుండా వస్తాయి. వేసుకునే బట్టలుగా అమ్ముడుపోకుండా వాటిని ముందే కత్తిరించి ఉండాలన్నది దిగుమతి నిబంధన. పానిపట్‌లో నేల మీద కూర్చుని స్త్రీలు జిప్పులు, గుండీలు, లేబుళ్లు కోసి తీస్తారు, రంగుల వారీగా గుట్టలు పోస్తారు. బాట్లీ స్త్రీలు రెండు వందల ఏళ్ల కింద చేసిన పని అదే. దుమ్మూ అదే. ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకోవడమే చాలామందికి రక్షణ. ఈ పరిశ్రమను మెచ్చుకునేవాళ్లు ఆ ఊపిరితిత్తుల గురించి కూడా అడగాలి. పర్యావరణానికి మేలు అనే పేరు వచ్చినంత మాత్రాన ఆ దుమ్ము తగ్గదు.

అక్కడ నేసిన చౌక దుప్పట్లు భూకంపాలు, వరదలు, యుద్ధాలు వచ్చిన చోట్లకు సహాయ సంస్థల ద్వారా వెళ్లాయి. చౌకగా, త్వరగా, లక్షల్లో కావాల్సిన చోట మరో సరుకు వాటికి పోటీ రాలేదు. 2010 తర్వాత మాత్రం పాలిస్టర్ ఫ్లీస్ వచ్చి వాటి బజారును కొల్లగొట్టింది. అది తేలిక, మెత్తన, ఉతకడం సులువు, ధరా తక్కువ. చాలా షాడీ మిల్లులు మూతపడ్డాయి, కొన్ని పాలిస్టర్ వైపు మళ్లాయి, కొన్ని ప్లాస్టిక్ సీసాల నుంచి తీసిన పోగును కలిపి దారం చేస్తున్నాయి.

ఇంగ్లండ్, అమెరికాలు తిట్టుగా మార్చుకున్న ఈ మాటను పానిపట్ వాళ్లు మాత్రం ఎన్నడూ సిగ్గుపడి వదులుకోలేదు. మిల్లు బోర్డుల మీద షాడీ ఉంటుంది, రశీదులో ‘షాడీ యార్న్’ ఉంటుంది, యజమానుల సంఘం పేరులోనే ఆ మాట ఉంది. విదేశీ కొనుగోలుదారులతో మాట్లాడేటప్పుడు మాత్రం అదే దారం ‘రీసైకిల్డ్ యార్న్’ అవుతుంది. దానికి గ్లోబల్ రీసైకిల్డ్ స్టాండర్డ్ లాంటి సర్టిఫికెట్ అడుగుతారు. ఆ ప్రమాణంలోకి రావాలంటే సరుకులో కనీసం 20 శాతం, లేబుల్ మీద ఆ గుర్తు వేసుకోవాలంటే కనీసం 50 శాతం రీసైకిల్ చేసిన పోగు ఉండాలి. ఏ పీచు ఎక్కడి నుంచి వచ్చిందో ప్రతి దశలో కాగితాలు చూపాలి. 1861లో న్యూయార్క్ రాష్ట్రం తన కాంట్రాక్టర్లను అడగకుండా వదిలేసిన ప్రశ్న కూడా ఇదే: ఈ గుడ్డలో ఏముంది, ఎంత ఉంది?